పెద్దయ్యాక కీబోర్డు: నొటేషన్ చూసి వాయించడం మొదటి నుంచి

పెద్దవాళ్లకు స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతాన్ని గీతల మీద రాసే పద్ధతి, అర్థం కావడానికి ఒక సాయంత్రం చాలు. అయిదు గీతలు, ఏడు పేర్లు, నాలుగైదు రకాల కాలప్రమాణాలు, అంతకంటే పెద్ద సరుకు అందులో లేదు. చిక్కంతా తర్వాత వస్తుంది. తలకు తెలిసింది వేలికి తెలియడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని ఓర్చుకోలేక చాలామంది అడ్డదారి తొక్కుతారు. ప్రతి నోటు (స్వరం గుర్తు) కింద పెన్సిలుతో సి, డి, ఇ అని రాసుకుంటారు. ఆ వారం పాట వచ్చేస్తుంది, చదవడం మాత్రం రాదు. కన్ను నోటును వదిలేసి కింద రాసిన అక్షరాన్నే చూస్తుంది. ఆరు నెలల తర్వాత కూడా కొత్త కాగితం చేతికిస్తే మళ్లీ పెన్సిలు వెతుక్కోవలసిందే.

మనం తెలుగు చదివే తీరు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ" అంటూ నేర్చుకున్నాం. అలా అనుకుంటూ ఎవరూ పత్రిక చదవరు. "కిటికీ" అన్న మాట మొత్తం ఒక్క చూపులో పట్టుబడుతుంది. నొటేషన్‌లో చేరవలసిన చోటు కూడా అదే. పేరు దగ్గర ఆగకుండా, కాగితం మీది ఆకారం నేరుగా చేతికి వెళ్లాలి. కింద చెప్పిన అభ్యాసాలన్నీ ఆ ఒక్క పని కోసమే.

వాద్యం, కుర్చీ

చదవడం నేర్చుకోవడానికి కీబోర్డే తేలిక. కాగితం మీది ప్రతి నోటుకు దాని మీద ఒక్కటే చోటు ఉంటుంది. నోటు పైకి పోతే చెయ్యి కుడికి, కిందికి దిగితే ఎడమకి. గిటారులో చాలా స్వరాలు రెండు మూడు తీగల మీద దొరుకుతాయి, పైగా రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతాయి. మొదటిసారి చదివేవారికి అది అదనపు బరువు.

61 మీటల కీబోర్డు మొదటి ఏడాదికి ధారాళంగా సరిపోతుంది. పియానో వైపే వెళ్లాలని గట్టిగా ఉంటే 88 బరువైన మీటలున్న డిజిటల్ పియానో మొదటే తీసుకోవడం మేలు, ఎందుకంటే తేలిక మీటలకు అలవాటుపడ్డ వేళ్లు బరువు మీటల మీద మొదట్లో తడబడతాయి. ఏది కొన్నా మూడు సంగతులు చూడండి. మీటలు పూర్తి వెడల్పువై ఉండాలి: ఏడు తెల్ల మీటలు కలిపి సుమారు 16.5 సెంటీమీటర్లు. చిన్న మీటల బొమ్మ కీబోర్డు మీద నేర్చుకున్న దూరాలు మరో వాద్యం మీద పనికిరావు. రెండోది, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలకాలి. మూడోది, పెడల్ (కాలితో నొక్కి స్వరాన్ని మోగుతూ ఉంచేది) తగిలించడానికి వెనక జాక్ ఉండాలి.

కూర్చునే ముందు ట్రాన్స్‌పోజ్ (స్వరాలన్నిటినీ పైకో కిందికో జరిపే అమరిక) సున్నా మీద ఉందో లేదో చూడండి. ఎవరో పొరపాటున ఆ బటన్ నొక్కి ఉంటే మీరు సరైన మీటే నొక్కుతారు, వేరే స్వరం వినిపిస్తుంది, తప్పెక్కడో తెలియక గంట పోతుంది. ఆటోమేటిక్ తోడు వాయిద్యాలు, స్ప్లిట్ (కుడి ఎడమలకు వేర్వేరు శబ్దాలు), డ్యూయల్ (ఒకేసారి రెండు శబ్దాలు) అన్నీ ఆపేసి పియానో శబ్దం పెట్టుకోండి.

కుర్చీ ఎత్తుకు కొలత మీ మోచెయ్యి. వేళ్లు తెల్ల మీటల మీద పెట్టినప్పుడు మోచెయ్యి మీటల ఎత్తులో గానీ, ఒకటి రెండు సెంటీమీటర్లు పైన గానీ ఉండాలి. కుర్చీ తక్కువైతే భుజాలు తెలియకుండానే పైకి లేస్తాయి, పావుగంటలో మెడ పట్టేస్తుంది. కుర్చీ ముందు సగంలో కూర్చోండి, పాదాలు రెండూ నేల మీద ఉండనివ్వండి. వేళ్లు చిన్న బంతిని పట్టుకున్నట్టు వంగి ఉండాలి. బొటనవేలు దాని పక్క అంచుతో మీటను తాకుతుంది, మిగతావి కొనల మెత్తతో. గోళ్లు పొడుగ్గా ఉంటే వేళ్లు చాపుకోక తప్పదు, కాబట్టి కత్తిరించండి. మణికట్టు మీటల కిందికి వేలాడకూడదు.

మీటల పటం

నల్ల మీటలు రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండింటి గుంపుకు వెంటనే ఎడమన ఉన్న తెల్ల మీట సి. మూడింటి గుంపుకు ఎడమన ఉన్నది ఎఫ్. సి నుంచి కుడికి వరసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి, మళ్లీ సి. మధ్య సి, అంటే మిడిల్ సి, 88 మీటల వాద్యంలో ఎడమ నుంచి నాలుగో సి. 61 మీటల కీబోర్డు సి తోనే మొదలవుతుంది కనుక అందులో సాధారణంగా మూడోది.

మొదటి రెండు రోజులు వేరే ఏమీ వద్దు. కీబోర్డు మీద ఉన్న సి లన్నీ ఎడమ నుంచి కుడికి నొక్కండి, తర్వాత ఎఫ్ లన్నీ, తర్వాత జి లన్నీ. పది సెకన్లలో తడుముకోకుండా పూర్తయితే, కళ్లు మూసుకుని నల్ల గుంపులను వేళ్లతో తడిమి సి పట్టుకోండి. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది. కానీ రేపు కాగితం మీది కన్ను తీయకుండా వాయించాలంటే చేతికి ఈ స్పర్శే దారి చూపాలి.

స్టాఫ్: గుర్తురాళ్లు, దూరాలు

అయిదు గీతలు, వాటి మధ్య నాలుగు సందులు. ఒక్కో గీత ఒక స్వరం, ఒక్కో సందు ఒక స్వరం. కింది నుంచి పైకి గీత, సందు, గీత, సందు అని ఎక్కుతూ పోతే తెల్ల మీటల మీద కుడికి ఒక్కో అడుగు వేసినట్టే. ఏ గీత ఏ స్వరమో చెప్పేది మొదట్లో ఉండే క్లెఫ్.

క్లెఫ్ అంటే అలంకారం అనుకుంటారు గానీ అది నిజానికి ఒక అక్షరం. 11వ శతాబ్దంలో గ్విడో అనే ఇటలీ సన్యాసి పాడేవారి కోసం గీతల పద్ధతిని స్థిరపరిచినప్పుడు, సి గీతకు పసుపు, ఎఫ్ గీతకు ఎరుపు రంగు వేయమన్నాడు. గీత మొదట్లో ఆ స్వరం అక్షరాన్నీ రాసేవారు. కాలక్రమంలో ఆ అక్షరాలే వంపులు తిరిగి క్లెఫ్‌లయ్యాయి. ట్రెబుల్ క్లెఫ్ ఒక జి. దాని సుడి కింది నుంచి రెండో గీతను చుట్టుకుంటుంది, ఆ గీత జి. బేస్ క్లెఫ్ ఒక ఎఫ్. దాని రెండు చుక్కలు కింది నుంచి నాలుగో గీతకు పైనా కిందా ఉంటాయి, ఆ గీత ఎఫ్. కాబట్టి క్లెఫ్ చూడగానే ఒక స్వరం ఉచితంగా దొరికినట్టే. పియానో కాగితంలో పైన ట్రెబుల్, ఎక్కువగా కుడిచేతికి. కింద బేస్, ఎక్కువగా ఎడమచేతికి.

ఈ రెండింటితో పాటు మరో మూడు గుర్తురాళ్లు పాతుకోండి. మిడిల్ సి: ట్రెబుల్‌కు కింద, లేదా బేస్‌కు పైన, స్టాఫ్‌కు బయట వేసే ఒక చిన్న లెడ్జర్ గీత మీద కూర్చుంటుంది. ట్రెబుల్‌లో కింది నుంచి మూడో సందు దానిపై స్థాయి సి. బేస్‌లో కింది నుంచి రెండో సందు దాని కింది స్థాయి సి. మిడిల్ సి దగ్గర అద్దం పెట్టినట్టు ఈ రెండూ ఎదురెదురుగా ఉంటాయి. ట్రెబుల్ పైన రెండో లెడ్జర్ గీత మీదా, బేస్ కింద రెండో లెడ్జర్ గీత మీదా మళ్లీ సి లే. అవి రెండో నెలలో నేర్చుకోవచ్చు.

మిగతా గీతల పేర్లు బట్టీ పట్టడానికి, ఒక్కో మాట మొదటి అక్షరం ఒక్కో గీత పేరయ్యేలా వాక్యాలు అల్లుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని మేం సిఫారసు చేయం. అయిదో గీత కావాలంటే మొదటి మాట నుంచి వాక్యం మొత్తం చదువుకోవాలి. అది "కకు గుడిస్తే కి" దగ్గరే ఆగిపోవడం.

దానికి బదులు దూరం చదవండి. నోటు గీత నుంచి పక్క సందుకు పోతే పక్క మీట, దాన్ని సెకండ్ అంటారు. గీత నుంచి పై గీతకు గానీ, సందు నుంచి పై సందుకు గానీ పోతే ఒక తెల్ల మీట వదిలిపెట్టి తర్వాతిది, అది థర్డ్. గీత నుంచి మధ్యలో ఒక గీతను దాటి ఆపై గీతకు పోతే ఫిఫ్త్, అంటే బొటనవేలి నుంచి చిటికెనవేలికి. థర్డ్, ఫిఫ్త్, సెవెంత్ ఎప్పుడూ ఒకే జాతి మధ్య: గీత-గీత లేదా సందు-సందు. సెకండ్, ఫోర్త్, సిక్స్త్, ఆక్టేవ్ (పూర్తి స్థాయి) ఎప్పుడూ జాతి మారతాయి. ఈ ఒక్క సూత్రంతో సగం తప్పులు పోతాయి.

అభ్యాసం ఇలా: ఏదైనా సులువైన కాగితం తీసుకుని మొదటి నోటు పేరు గుర్తురాయి నుంచి పట్టుకోండి. ఆ తర్వాత పేర్లు చెప్పకుండా "పైకి సెకండ్, పైకి సెకండ్, కిందికి థర్డ్, అదే" అని బయటికి చదవండి. రోజుకు ఇరవై నోట్లు. ఇరవైకి ముప్పై సెకన్లు పట్టే రోజు వచ్చాక కీబోర్డు మీద వాయిస్తూ చెప్పండి. పేర్లు కూడా తెలియాలి, కాదనడం లేదు. పేర్లకు రోజుకు రెండు నిమిషాల అట్టముక్కల ఆట చాలు: ఒకవైపు నోటు, వెనక పేరు. చూసిన వెంటనే పేరు చెప్పడమే కాకుండా మీట కూడా నొక్కాలి.

సరిగమలు కొంత తెలిసినవారు ఒకచోట జాగ్రత్తపడాలి. స ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అది శృతిని బట్టి కదులుతుంది. సి కదలదు, అది ఒక మీట పేరు. సి మేజర్‌లో (సి నుంచి సి దాకా తెల్ల మీటల వరస) సి ని స అనుకుంటే శంకరాభరణం స్వరాలు వరసగా వస్తాయి, అంతవరకు బాగుంటుంది. కాగితం జి మేజర్‌కు మారగానే స జి మీదికి పోతుంది. "సి అంటే స" అని ముద్రపడిపోయినవారికి అక్కడ అంతా తారుమారవుతుంది. స్వరస్థానాల జ్ఞానం చెవికి గొప్ప ఆస్తి, దాన్ని చెవి కోసమే ఉంచుకోండి. కంటికి మీట పేరే చెప్పండి.

కాలం ముందు, స్వరం తర్వాత

పెద్దవాళ్లలో దాదాపు అందరూ చేసే పని, ముందు నోట్లన్నీ సరిగ్గా నొక్కడం నేర్చుకుని లయ తర్వాత చూసుకుందాం అనుకోవడం. అలా నేర్చుకున్నప్పుడు, వెతుక్కోవడానికి ఆగిన ప్రతి చోటూ వేళ్ల జ్ఞాపకంలోకి వెళ్లిపోతుంది. తర్వాత ఆ ఆగడాన్ని తీసేయడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. వరస తిప్పండి. లయ మొదట, స్వరం తర్వాత.

నోటు ఆకారం ఎన్ని సెకన్లో చెప్పదు, నిష్పత్తి చెబుతుంది. ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అన్నట్టే. బోలు తల, కాడ లేదు: హోల్ నోట్, నాలుగు బీట్లు (బీటు అంటే తాళంలో ఒక దెబ్బ). బోలు తల, కాడ ఉంది: హాఫ్ నోట్, రెండు. నిండు తల, కాడ: క్వార్టర్ నోట్, ఒకటి. దానికి ఒక తోక తగిలిస్తే ఎయిత్ నోట్, అర బీటు. రెండు తోకలైతే పావు బీటు. పక్కన చుక్క పెడితే దాని విలువలో సగం అదనం, అంటే చుక్క హాఫ్ నోట్ మూడు బీట్లు, చుక్క క్వార్టర్ ఒకటిన్నర. ప్రతిదానికీ అంతే విలువగల మౌనం గుర్తు ఉంటుంది, దాన్ని రెస్ట్ అంటారు. రెస్ట్ వచ్చినప్పుడు చెయ్యి మీట మీద నుంచి నిజంగా లేవాలి. మొదట్లో ఎక్కువగా ఎగిరిపోయేది ఇదే.

రెండు నోట్లను కలిపే వంపు గీత విషయంలో ఒక తికమక ఉంది. అవి ఒకే స్వరమైతే అది టై: రెండోదాన్ని మళ్లీ నొక్కరు, రెండు విలువలూ కలిపి పట్టి ఉంచుతారు. వేర్వేరు స్వరాలైతే అది స్లర్: విడదీయకుండా జారుగా వాయించమని.

లెక్కపెట్టడం బయటికే, గొంతుతో. తెలుగు అంకెలతో లెక్కపెడితే ఒక ఇబ్బంది ఉంది. ఒకటికి మూడు అక్షరాలు, రెండుకు రెండు, నాలుగుకు మళ్లీ మూడు. బీటును చీల్చినప్పుడు అక్షరాలే అడ్డం పడతాయి. అందుకే చాలామంది "వన్ అండ్ టూ అండ్" అంటారు. మనకు ఇంకా మంచి సాధనం చేతిలో ఉంది. బీటుకు ఒకటైతే "తా", రెండైతే "తక", మూడైతే "తకిట", నాలుగైతే "తకధిమి". నోరు తిరిగినంత సమంగా చెయ్యి తిరుగుతుంది. చుక్క క్వార్టర్ తర్వాత ఎయిత్ నోట్ వచ్చే చోట అందరూ తడబడతారు. అక్కడ "తక తక" అని సమంగా అంటూ మొదటి "త" మీద చప్పట్లు కొట్టి, తర్వాతి రెండు అక్షరాలు వదిలి, చివరి "క" మీద కొట్టండి. పది సార్లకు చిక్కు విడిపోతుంది.

కాగితం మొదట్లో 4/4 అంటే బార్‌కు (రెండు నిలువు గీతల మధ్య భాగానికి) నాలుగు క్వార్టర్ బీట్లు, 3/4 అంటే మూడు. 6/8 లో ఆరు ఎయిత్ నోట్లు ఉంటాయి. లెక్కకు 3/4 లోనూ ఆరే పడతాయి కదా, తేడా ఏమిటంటే అక్కడ "తక తక తక", ఇక్కడ "తకిట తకిట". 6/8 లో అడుగులు రెండే పడతాయి. నోటితో అని చూస్తే చెవికే తెలిసిపోతుంది.

కొత్త కాగితం ఏది తీసుకున్నా మీట ముట్టుకునే ముందు మెట్రోనోమ్ (సమంగా టిక్కుమంటూ బీటు చూపే పరికరం) నిమిషానికి 60 మీద పెట్టి లయ మొత్తం తొడ మీద కొట్టండి. కుడిచేతి లయ కుడి తొడ మీద, ఎడమది ఎడమ మీద. మొదట విడివిడిగా, తర్వాత రెండూ కలిపి. ఇలా కొట్టలేని లయను వేళ్లు వాయించలేవు.

వేళ్ల అంకెలు

రెండు చేతులకూ బొటనవేలు 1, చిటికెనవేలు 5. మొదటి కొన్ని వారాలు కుడి బొటనవేలు మిడిల్ సి మీద పెట్టి, అయిదు వేళ్లకు సి, డి, ఇ, ఎఫ్, జి అప్పగించి వాయిస్తారు. ఇందులో ఒక ఉచ్చు ఉంది. కాగితం మీద వేళ్ల అంకెలు కూడా ఉంటే కన్ను నోటును వదిలి అంకెను చదవడం మొదలుపెడుతుంది, "3 అంటే ఇ" అని స్థిరపడిపోతుంది. రెండో వారంలోనే చేతిని జి మీదికి జరిపి వాయించండి, తర్వాత డి మీదికి. అంకెలున్న కాగితంలో చెయ్యి జరిగే చోట ఉన్నవి మాత్రం ఉంచి మిగతావి చెరిపేయండి.

స్కేలు, అంటే ఒక స్వరం నుంచి దాని పై స్థాయి దాకా వరసగా, వాయించేటప్పుడు అయిదు వేళ్లతో ఎనిమిది మీటలు దాటాలి కాబట్టి బొటనవేలు అరచేతి కిందినుంచి దూరాలి. సి మేజర్ కుడిచేతికి పైకి వెళ్లేటప్పుడు 1 2 3 1 2 3 4 5. ఎడమచేతికి పైకి 5 4 3 2 1 3 2 1. కిందికి వచ్చేటప్పుడు అదే తిరగేసి. బొటనవేలు ఆఖరి క్షణంలో కాకుండా, రెండో వేలు నొక్కుతుండగానే కిందికి జరగడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మోచెయ్యి ఎగురుతుంది, ఆ నోటు మిగతావాటికంటే గట్టిగా పలుకుతుంది. అలా వినిపిస్తే తప్పు బొటనవేలిదే. ఎఫ్ మేజర్‌లో కుడిచేతికి 1 2 3 4 1 2 3 4, ఎందుకంటే నాలుగో స్వరం నల్ల మీట, బొటనవేలు దాని తర్వాతి తెల్ల మీట మీద పడితే సుఖం.

షార్ప్‌లు, ఫ్లాట్‌లు

షార్ప్ అంటే వెంటనే కుడి పక్క మీట, ఫ్లాట్ అంటే వెంటనే ఎడమ పక్క మీట, నల్లదైనా తెల్లదైనా. నోటు ముందు పెట్టిన గుర్తు ఆ బార్ చివరిదాకా, అదే గీత లేదా సందు మీద మాత్రమే చెల్లుతుంది. బార్ దాటితే రద్దు. క్లెఫ్ పక్కన మొదట్లోనే పెట్టినవి కీ సిగ్నేచర్. అవి వరస పొడుగునా, అన్ని స్థాయిల్లోని ఆ పేరున్న స్వరాలకూ వర్తిస్తాయి. నేచురల్ గుర్తు వస్తే ఆ బార్‌కు తిరిగి తెల్ల మీట.

షార్ప్‌లు వచ్చే క్రమం ఎప్పుడూ ఒకటే: ఎఫ్, సి, జి, డి, ఏ, ఇ, బి. ఫ్లాట్‌ల క్రమం అదే తిరగేసి. ఒక షార్ప్ ఉందంటే అది ఎఫ్ షార్పే, వెతకనక్కర్లేదు. ఒక ఫ్లాట్ ఉందంటే బి ఫ్లాటే. వాయించే ముందు ఆ స్వరాలున్న నోట్లను కంటితో ఒకసారి ఏరుకోండి, మర్చిపోయే ఒకటి రెండింటికి మాత్రం పెన్సిలుతో సున్నా చుట్టండి. సున్నా "ఇక్కడ చూడు" అంటుంది, అంతే. చదవడం మీకే మిగులుతుంది.

రెండు చేతులు

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. విడివిడిగా బాగానే వస్తుంది, కలపగానే రెండూ కుప్పకూలతాయి. కారణం చాలాసార్లు చేతకానితనం కాదు, వేగం. ఒక్కో చేతితో వచ్చిన వేగంలోనే రెండూ కలపాలని చూస్తారు. కన్ను ఇప్పుడు రెండు వరసలు చూడాలి, నిలువుగా ఏది దేనితో కలిసి పడుతుందో పట్టుకోవాలి. ఆ పనికి సగం వేగం కావాలి.

ఇలా చేయండి. రెండు బార్లు మాత్రమే తీసుకోండి. వాటికి తోడు మూడో బార్‌లోని మొదటి నోటు కూడా కలుపుకోండి. బార్ గీత దగ్గర ఆపితే వేళ్లు అక్కడ ఆగడం నేర్చుకుంటాయి, కాబట్టి ముక్క ఎప్పుడూ గీత దాటి ఒక నోటు మీద ముగియాలి. కుడి, ఎడమ విడిగా, మెట్రోనోమ్‌తో, తప్పు లేకుండా వచ్చేదాకా. తర్వాత పెన్సిలుతో రెండు చేతులూ ఒకేసారి పడే చోట్ల నిలువు గీత గీయండి. ఆ గీతల దగ్గర మాత్రమే ముందు వాయించండి, మధ్యవి వదిలేసి. ఆ తర్వాత మధ్యవి నింపండి.

వేగం సంగతి. పాట చివరికి 96 మీద నడవాలనుకుంటే 48 దగ్గర మొదలుపెట్టండి. అది కూడా ఎక్కువైతే 40. కొలత ఒక్కటే, వరసగా తప్పు లేకుండా రావాలి. కీబోర్డు ఎడమ చివర అయిదు నాణేలు పెట్టండి. తప్పు లేకుండా వచ్చిన ప్రతిసారీ ఒకటి కుడి చివరకు జరపండి. ఒక్క తప్పు పడితే అయిదూ వెనక్కి. అయిదూ చేరితే మెట్రోనోమ్ 4 పెంచండి. రెండుసార్లు వరసగా విరిగితే 8 తగ్గించండి. పది నిమిషాల్లో కదలకపోతే ముక్క పెద్దదైందని అర్థం, ఒక్క బార్‌కు, అవసరమైతే సగం బార్‌కు కుదించండి.

తప్పు వచ్చినప్పుడల్లా పాట మొదటికి పరిగెత్తకండి. అలా చేస్తే మొదటి నాలుగు బార్లు నూరుసార్లు, చివరి నాలుగు పదిసార్లు వాయించి ఉంటారు. అందుకే చాలామంది పాటలు మొదట ధీమాగా ఉండి చివర సన్నగిల్లుతాయి. వీలైతే చివరి ముక్క నుంచి నేర్చుకుంటూ వెనక్కి రండి. అప్పుడు ప్రతిసారీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి నడుస్తారు.

పెడల్ మొదటి రెండు మూడు నెలలు ముట్టుకోవద్దు. వేలు ముందే లేచిపోయినా శబ్దం మోగుతూ ఉంటుంది కాబట్టి తప్పు వినిపించదు. అసలు వేళ్లు నోటును పూర్తి విలువ దాకా పట్టి ఉంచుతున్నాయో లేదో తెలియాలంటే రెండు నిమిషాలు ఆర్గన్ శబ్దం పెట్టి వాయించండి. ఆర్గన్ స్వరం వేలు ఉన్నంతసేపు అదే గట్టితనంతో మోగి, వేలు లేవగానే తెగిపోతుంది. ఖాళీలన్నీ బయటపడతాయి.

రోజూ అరగంట

ఆదివారం మూడు గంటల కంటే రోజూ అరగంట ఎంతో మేలు. ఆ అరగంటలో మొదటి అయిదు నిమిషాలు ఒక స్కేలు, నెమ్మదిగా, రెండు చేతులకూ విడిగా. తర్వాత పదిహేను నిమిషాలు కష్టమైన ముక్క మీద, ఒకటి లేదా రెండు చోట్లు, అంతకు మించి వద్దు. చివరి అయిదు నిమిషాలు వచ్చిన పాట హాయిగా వాయించుకోవడానికి. మిగిలిన అయిదు నిమిషాలు ముందెన్నడూ చూడని కాగితం చదవడానికి. అన్నిటికంటే విలువైనది ఇదే, అందరూ ముందు కత్తిరించేదీ ఇదే.

ఆ అయిదు నిమిషాల చదువుకు వేరే నియమాలున్నాయి. కాగితం మీ స్థాయికంటే బాగా తేలికైనదై ఉండాలి. తెలిసిన పాట కాకూడదు. తెలిసినదైతే చెవి ముందు నడుస్తుంది, కన్ను నిద్రపోతుంది. మొదట అర నిమిషం చేతులు ఒళ్లో పెట్టుకుని క్లెఫ్, కీ సిగ్నేచర్, బీట్ల లెక్క, మొదటి నోటు, చెయ్యి జరిగే చోట్లు చూడండి. తర్వాత చాలా నెమ్మదిగా, ఆగకుండా చివరిదాకా. తప్పు పడితే పడనివ్వండి, దిద్దడానికి వెనక్కి పోవద్దు, బీటు వదలొద్దు. ఆపై రెండోసారి వాయించవచ్చు. మూడోసారి లేదు, మరుసటి రోజు కొత్త కాగితం. దిద్దుకోవడం సాధనలో చేసే పని, చదువులో కాదు. ఈ రెండూ కలిపేసినవారు ప్రతి తప్పు దగ్గరా నత్తి పలుకుతారు.

కన్ను చేతికంటే ముందుండాలి. దానికొక చిట్కా: ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి, మీరు వాయిస్తున్న బార్ మీద పోస్టుకార్డంత అట్టముక్క కప్పమనండి. మీరు మొదటి బీటు కొట్టగానే ఆ బార్ మాయమవుతుంది. తర్వాతి బార్ చూడక తప్పదు. మొదట ఒక్క బీటుతో మొదలుపెట్టి, నెమ్మదిగా బార్ దాకా పెంచండి. చేతుల వైపు చూపు పదేపదే పోతుంటే వాటి మీద పలుచటి తువ్వాలు కప్పి అయిదు వేళ్ల పరిధిలోని తేలిక ముక్క వాయించండి. చెయ్యి దూరం గెంతే చోట మాత్రం చూడడం తప్పేం కాదు, తల కదపకుండా కన్ను దించి మళ్లీ కాగితం మీదికి తేవాలి.

నొప్పి వస్తే ఓర్చుకోకండి. వేళ్లలో అలసట వేరు, మణికట్టులోనో ముంజేతిలోనో పొడిచినట్టుండే నొప్పి వేరు. రెండోది వస్తే ఆ రోజుకు ఆపేయండి, మరుసటి రోజు కుర్చీ ఎత్తు, మణికట్టు, భుజాలు మళ్లీ చూసుకోండి. తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. నొక్కిన మీట అడుగు తాకాక కూడా నొక్కుతూ ఉండడం చాలామందిలో అసలు కారణం. శబ్దం పుట్టేశాక ఆ బలంతో పనిలేదు, వేలి బరువు మాత్రం ఉంచండి. మొదటి నెలలో వాయించడం తెలిసినవారు ఒకరు రెండు మూడుసార్లు చేతుల తీరు చూసి దిద్దగలిగితే ఎంతో మంచిది. చదవడం ఒంటరిగా నేర్చుకోవచ్చు గానీ, తన మణికట్టు తనకు కనిపించదు. ఎవరూ లేకపోతే ఫోను పక్కగా మీటల ఎత్తులో నిలబెట్టి వీడియో తీసుకుని మరుసటి రోజు చూడండి. అదే వీడియోలో బీటు ఎక్కడెక్కడ ఊగిందో కూడా వినండి, వాయించేటప్పుడు వినపడని తడబాట్లు అప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి.

పాట వచ్చేసిందా లేదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోండి. కళ్లు మూసుకుని కాగితం మధ్యలో ఎక్కడో వేలు పెట్టండి. ఆ బార్ నుంచి, రెండు చేతులతో, మొదటికి వెళ్లకుండా మొదలుపెట్టగలిగితే మీరు చదువుతున్నారు. మొదటి నుంచి ఊపందుకుంటే తప్ప ఆ చోటికి చేరలేకపోతే, పాట వేళ్లకు కంఠస్థం అయింది గానీ కన్ను దాన్ని ఇంకా చూడలేదు. ఆ చోటుకు ముందు వెనక రెండేసి బార్లు తీసుకుని, మెట్రోనోమ్ మళ్లీ 48 మీద పెట్టండి.